ఇనుప చేప కడుపులో ఓ సాయంత్రం

విశాఖపట్నం అనగానే సినిమా అభిమానులకి ముందుగా గుర్తొచ్చేదేమిటి? మా అమ్మానాన్నల తరాన్ని అడిగితే టక్కున ‘మరోచరిత్ర’ అంటారు. 1978లో బాలచందర్ గారు కమల్‌హాసన్‌నీ, సరిత అనే కొత్త అమ్మాయినీ వెంటబెట్టుకొచ్చి, ఈ సముద్రాన్ని నలుపు తెలుపుల్లో చూపించారు. రంగుల్లేకుండానే ఆ కెరటాలు అంత ముచ్చటగా వుంటే, చూసినవాళ్ళకి విశాఖ మీద మోజు పుట్టదూ మరి!

మా మేనల్లుడు చిన్నాని అడగండి. వాడు చెప్పే పేరు వేరు. ‘ఘాజీ’!

వాడిప్పుడు ఎనిమిదో తరగతి. ఆ సినిమా 2017లో వచ్చినప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చునే వయసు. ఆ తరవాత టీవీలో ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. డైలాగులన్నీ కంఠతా వచ్చు. సోఫా మీద బోర్లా పడుకుని, దిండు అడ్డం పెట్టుకుని, “టార్పెడో ఫైర్!” అని అరిచాడంటే వంటింట్లో మా అక్కయ్య చేతిలో గరిటె జారి పడాల్సిందే!

“ఒరే తమ్ముడూ, వీడికి సెలవులిచ్చేశారు. ఆ అసలు సబ్‌మెరైనేదో ఓసారి చూపించుకు రారా. నా ప్రాణం తీస్తున్నాడు” అంది అక్కయ్య.

సరే, రాజమండ్రిలో పొద్దున్నే రైలెక్కాం. దారి పొడుగునా వాడు నాకు ‘ఘాజీ’ కథ చెప్పాడు. నేను చూశానురా అన్నా వినలేదు. అసలు సంగతేమిటంటే, 2017లో థియేటర్లో ఘాజీ మునిగిపోయిన సీనుకి లేచి నిలబడి ఈల వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ముక్క వాడికి చెప్పలేదు లెండి. మీకు మాత్రం ముందే చెప్పి వుంచుతున్నాను.

ముక్కు చాటున రేవు

విశాఖలో దిగి బీచి రోడ్డు ఎక్కగానే కుడిచేతి వైపు సముద్రంలోకి పొడుచుకొచ్చిన పెద్ద కొండ కనిపిస్తుంది. డాల్ఫిన్స్ నోస్. చేప ముక్కులా వుంటుంది గనక ఆ పేరు. ఆ ముక్కు చాటునే వుంది అసలు రేవు. తుఫాను గాలికీ, కెరటాలకీ ఆ కొండే అడ్డుగోడ.

1933 అక్టోబరు 7న ఈ రేవులోకి మొదటి ఓడ వచ్చింది. దాని పేరు ‘జలదుర్గ’. జానపద సినిమా టైటిల్‌లా లేదూ! 1948 మార్చి 14న ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన ‘జల ఉష’ని నెహ్రూ గారు నీళ్ళలోకి దింపారు. స్వతంత్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

రేవున్న చోట వ్యాపారం వుంటుంది. వ్యాపారంతో పాటు శత్రువు కన్నూ వుంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. “జపానా? ఇక్కడికా?” అని చిన్నా నోరు వెళ్ళబెట్టాడు. నమ్మకపోతే చూడమని బీచి రోడ్డులోనే వున్న విశాఖ మ్యూజియానికి తీసుకెళ్ళాను. పాత డచ్చి వాళ్ళ బంగళా అది. 1991లో మ్యూజియంగా మార్చారు. ఆనాటి దాడిలో పడి పేలకుండా మిగిలిన బాంబొకటి అక్కడ వుంది.

చిన్నా దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“మామయ్యా, ఇది పేలుంటే?”

“ఈ చుట్టుపక్కల ఎవరో ఒకరి ఇల్లు వుండేది కాదు.”

వాడు ఇంకేం అడగలేదు. వాడి మనసంతా సబ్‌మెరైన్ మీదే వుంది.

ఒడ్డుకెక్కిన జలాంతర్గామి

రామకృష్ణా బీచి దగ్గర ఇసుకలో నల్లగా, నిడుపుగా వుంటుంది ఐ.ఎన్.ఎస్. కుర్సురా. దూరం నుంచి చూస్తే ఏదో పెద్ద చేప ఒడ్డుకొచ్చి నీళ్ళలోకి తిరిగి వెళ్ళడం మరిచిపోయినట్టుంటుంది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. సోవియట్ రష్యా వాళ్ళు కట్టిస్తే 1969 డిసెంబరు 18న మన నేవీలో చేరింది. 31 సంవత్సరాలు పనిచేసింది. 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. 2001 ఫిబ్రవరిలో రిటైరయింది. మామూలుగా అయితే ఇలాంటి వాటిని ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేస్తారు. దీన్ని మాత్రం సముద్రం మీంచి లాక్కొచ్చి, ఒడ్డుకి ఎక్కించి, కాంక్రీటు దిమ్మె మీద కూర్చోబెట్టారు. 2002 ఆగస్టులో జనానికి తలుపులు తెరిచారు.

ఒంటి మీద ఎస్-20 అనే నెంబరు చూడగానే చిన్నా గెంతాడు. “మామయ్యా! సినిమాలో మనది ఎస్-21 కదా! దీని తరవాత నెంబరే!”

అక్కడ టిక్కెట్ల కోసం నిలబడ్డ వాళ్ళంతా మావాడినే చూశారు. నేను మెడ తిప్పుకుని సముద్రం వంక చూశాను.

ఒక్క సంగతి చెప్పాలి. ఘాజీని ముంచింది కుర్సురా కాదు. 1971 యుద్ధంలో ఇది అరేబియా సముద్రం వైపు కాపలా కాసింది. కానీ సబ్‌మెరైన్ లోపల మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు మన తెలుగుదేశంలో లేదు.

మ్యూజియం అంటే మనకి అలవాటయిన పద్ధతి ఒకటుంది. చేతులు వెనక్కి కట్టుకుని, అద్దాల బీరువాల ముందు నడుచుకుంటూ పోవడం. ఇక్కడ అలా కుదరదు. బీరువా లోపల వున్నది మనమే! ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి దూరాలి. ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల కాపాడుకుంటూ వెళ్ళాలి. నేను మూడో కంత దగ్గర తల కొట్టుకున్నాను. హీరోలు సినిమాలో ఎంత ఠీవిగా దూరుతారు! వాళ్ళకి రీటేకులు వుంటాయి కదా.

లోపల కథ చెప్పేది అద్దె గైడు కాదు. నేవీలో పనిచేసి రిటైరయిన మనిషి. మాకు దొరికిన పెద్దాయన శ్రీకాకుళం వైపు ఆయన. తెల్లటి మీసం, చిన్న గొంతు. ఒక్కో చక్రం మీదా చెయ్యి వేసి, ఇంట్లో గేదెని నిమిరినట్టు నిమురుతూ మాట్లాడుతున్నారు.

సెట్టుకి గోడ కదులుతుంది

ముక్కు వైపున్నది టార్పెడోల గది. ముందు ఆరు గొట్టాలు, తోక వైపు నాలుగు. అన్నీ కలిపి 22 టార్పెడోలు మోసేది. చిన్నా మొహం వెలిగిపోయింది. “ఫైర్ అనగానే వెళ్ళిపోతాయా తాతగారూ?”

“వెళ్ళిపోతాయి బాబూ. కానీ నేనున్నన్నాళ్ళూ యుద్ధంలో ఒక్కటీ వదల్లేదు. కాపలా కాయడమే మా పని. ఇరవై రోజులు, ముప్ఫై రోజులు... చెవులు రిక్కించుకుని కూకోడమే.”

చిన్నాకి కాస్త నిరాశ కలిగింది. సినిమాలో రెండు గంటల్లో ఎన్ని పేలాయి!

ఆయన ఒక్కో గదీ దాటిస్తూ విడమరిచి చెప్పారు. నీళ్ళపైన తిరిగేటప్పుడు డీజిలు ఇంజన్లు నడుస్తాయి. మూడు ఇంజన్లు, మూడు ప్రొపెల్లర్లు. డీజిలు మండాలంటే గాలి కావాలి కదా! నీళ్ళ అడుగున గాలెక్కడిది? అందుకని మునిగాక బ్యాటరీల మీద మోటార్లు నడపాలి. బ్యాటరీలు అయిపోతుంటే గాలి గొట్టం బయటికి పెట్టేంత పైకి రావాలి. అలా పైకొచ్చిన ఆ కాసేపే ప్రాణాపాయం. శత్రువు కంట పడేది అప్పుడే.

“మరి స్నానం?” అంది మా వెనకాల ఒకావిడ.

ఆయన నవ్వారు. “స్నానమా తల్లీ! తాగడానికే నీళ్ళు లెక్కగా పోసీవోరు. ఒంటికి డీజిలు వాసన పట్టీసీది. ఇంటికెళ్ళి నాల్రోజులు తోమినా పోయీది కాదు. మా ఇంటిది గుమ్మంలోనే ఆపీసీది.”

అందరం నవ్వాం. డెబ్భై అయిదు మంది దాకా ఈ ఇరుకులో వుండేవారట. మంచాలు అన్ని వుండవు. ఒకడు డ్యూటీకి లేస్తే, అతని వేడి ఇంకా చల్లారకముందే ఇంకొకడు అదే మంచం మీద వాలాలి. ‘ఘాజీ’ని సెట్టు వేసి తీశారు. బాగా తీశారు, అందులో సందేహం లేదు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ సెట్టులో కెమెరాకి గోడ అడ్డొస్తే ఆ గోడని తీసి పక్కన పెడతారు. ఇక్కడ గోడ కదలదు. రెండు చేతులూ చాపితే రెండు వైపులా ఇనుమే తగులుతుంది.

ఒక మంచం దగ్గర చిన్నా ఆగాడు. మనిషి ఒత్తిగిలి పడుకునేంత వెడల్పు వుందంతే. కాసేపు దాన్నే చూశాడు. తరవాత అడిగాడు. గట్టిగా కూడా కాదు, మామూలుగానే.

“ఘాజీలో కూడా ఇలాంటి మంచాలే వుండేవా తాతగారూ?”

పెద్దాయన చెప్పిన మాట

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పకపోతే కుదరదు. ఘాజీ అమెరికా వాళ్ళ సబ్‌మెరైన్. అసలు పేరు ‘డయాబ్లో’. 1960లలో పాకిస్తాన్ దాన్ని అమెరికా నుంచి తీసుకుంది. 1971లో అది బంగాళాఖాతంలోకి వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి. మన వాళ్ళు విక్రాంత్‌ని ముందే అండమాన్ల వైపు పంపించేసి, అది ఇంకా ఈ చుట్టుపక్కలే వున్నట్టు భ్రమ కల్పించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, ఈ బీచికి ఎదురుగా వున్న సముద్రంలోనే ఘాజీ మునిగిపోయింది. మన ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే కారణమని మన నేవీ అంటుంది. కాదు, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ అంటుంది. ఎలా మునిగినా, అందులో తొంభై మందికి పైగా వున్నారు. ఒక్కరూ బయటపడలేదు. ఆ ఇనుము ఇప్పటికీ ఈ నీళ్ళ అడుగునే వుంది.

పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే, మమ్మల్ని ఓ పక్కకి జరగమన్నారు.

“ఇలాటివే వుంటాయి బాబూ. ఏ దేశం సబ్‌మెరైనయినా మంచం మంచమే. అంతకన్నా చోటెక్కడ దొరుకుద్ది?”

“మరి వాళ్ళు...”

“వాళ్ళు మన ఓడని ముంచడానికొచ్చారు. ముంచుంటే మనోళ్ళు వందలమంది పోయీవోరు. కాబట్టి మనం గెలిచాం అని గట్టిగా చెప్పు. సిగ్గుపడక్కర్లేదు. కానీ వాళ్ళు మునిగిపోయారని నవ్వకు. నీళ్ళ కింద వున్నోడి భయం నీళ్ళ కింద వున్నోడికే తెలుస్తాది. అలారం మోగితే మాకూ వాళ్ళ లాగే గుండె కొట్టుకునీది.”

అంతే. ఆయన మళ్ళీ గొంతు పెంచి, “ఇటు రండమ్మా, ఇది వంటగది, ఇంత గదిలో డెబ్భై అయిదు మందికీ వండాలి” అంటూ ముందుకెళ్ళిపోయారు. నేను మాత్రం రెండు నిమిషాలు అక్కడే నిలబడిపోయాను. 2017లో నేను వేసిన ఈల చెవిలో వినిపించింది. అప్పుడు తెర మీద నాకు కనిపించింది శత్రువు సబ్‌మెరైన్. దాని లోపల మంచాలున్నాయని నాకు తట్టనే లేదు.

తోక వైపు నుంచి బయటికొచ్చేసరికి సముద్రపు గాలి మొహాన కొట్టింది. మామూలుగా అయితే ఉప్పు, చేపల వాసన అని ముక్కు మూసుకునేవాణ్ణి. ఆవేళ గుండెల నిండా పీల్చుకున్నాను. చిన్నా కూడా అంతే.

రోడ్డుకి అవతల వేటగాడు

ఇక్కడో తమాషా వుంది. సినిమా కథ రాసేవాడయినా ఇలా రాయడు. కుర్సురాకి ఎదురుగా, రోడ్డు దాటితే, సబ్‌మెరైన్లని వేటాడే విమానం కూర్చుని వుంది! టి.యు-142. ఇంటర్వెల్‌కి ముందు ఇద్దరు హీరోలు ఎదురెదురుగా నిలబడ్డట్టు!

ఇదీ రష్యా విమానమే. 1988లో మన నేవీలోకి వచ్చిన ఈ రకం విమానాలు 2017 మార్చి 29న రిటైరయ్యాయి. 29 సంవత్సరాలు పనిచేశాయి. ఇందులో ఒకదాన్ని విశాఖ తెచ్చి, విడగొట్టి, బీచి రోడ్డు మీద మళ్ళీ అతికించారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరికి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకీ రెండేసి ప్రొపెల్లర్లు. ఒకటి కుడికి తిరిగితే, ఇంకోటి ఎడమకి తిరుగుతుంది.

ఇది వేటాడే పద్ధతి వింటే మన జానపదుల్లో మాయల ఫకీరు గుర్తొస్తాడు. ఆకాశం నుంచి సోనోబాయిలనే గొట్టాల్ని సముద్రంలోకి జారవిడుస్తుంది. అవి నీళ్ళలో తేలుతూ, అడుగున ఏ చప్పుడు వినిపించినా రేడియోలో పైకి చెప్పేస్తాయి. ప్రొపెల్లరు తిరిగిన చప్పుడు వినిపించినా చాలు, సబ్‌మెరైన్ దొరికిపోయినట్టే.

విమానం లోపలికి కూడా ఎక్కనిస్తారు. చిన్నా పైలట్ల సీట్ల వైపు తొంగిచూసి, వెనక్కి తిరిగి, రోడ్డవతల కుర్సురాని చూశాడు.

“అక్కడ వాళ్ళు చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే, ఇక్కడ వీళ్ళు చప్పుడు కోసం వింటూ కూర్చుంటారన్నమాట.”

“అంతే.”

“రెండు పక్కలా వినడమేనా మామయ్యా?”

ఆ మాట నేను అనుంటే గొప్పగా రాసుకునేవాణ్ణి. వాడు అనేసి, మొక్కజొన్న పొత్తు కొనిపెట్టమన్నాడు.

మీరు వెళితే...

పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. కుర్సురా ఒక్కటే చూసి వచ్చేయకండి. రోడ్డు దాటి విమానం కూడా చూస్తేనే ఆ కథ పూర్తవుతుంది. సోమవారం కుర్సురాకి సెలవు. పెద్దవాళ్ళకి మోకాళ్ళ నెప్పులుంటే ఆ కంతలు దూరడం కష్టం, వాళ్ళని ఒడ్డున కూర్చోబెట్టండి. లోపల గబగబా నడిచేస్తే పావుగంటలో బయట పడతారు. కానీ మీకు కథ చెప్పే ఆ పెద్దమనిషిని పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి. అక్కడ వున్న ఇనుమంతా ఒక ఎత్తు, ఆయన ఒక ఎత్తు. ఇనుము ఇంకో వందేళ్ళుంటుంది. ఆ ఇనుములో బతికిన మనుషులు వుండరు.

మర్నాటికి ఆగగలిగితే కైలాసగిరికి రోప్‌వే ఎక్కండి. పైనుంచి చూస్తే ఊరూ, సముద్రమూ ఒకే ఫ్రేములో వస్తాయి. కెమెరామెన్లకి ఆ కొండంటే ఎందుకంత ఇష్టమో అప్పుడర్థమవుతుంది. జంతువులంటే ఇష్టమున్న పిల్లలకి ఇందిరాగాంధీ జూ ఎలాగూ వుంది.

మేం మాత్రం ఆ సాయంత్రం ఇంకెక్కడికీ వెళ్ళలేదు. బీచి రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర కూర్చున్నాం. 1971 యుద్ధంలో నేవీ గెలుపు గుర్తుగా 1996లో కట్టారు దాన్ని. ఎదురుగా కెరటాల్లో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఎవరో కొత్తగా పెళ్ళయిన జంట ఫొటోలు దిగుతున్నారు. చాలా దూరాన రేవు లోపలికి రావడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

“ఘాజీ ఎటు వైపు వుంది మామయ్యా?” అన్నాడు చిన్నా.

సముద్రం వైపు చెయ్యి చూపించాను. వాడు మొక్కజొన్న తినడం ఆపి కాసేపు అటే చూశాడు.

రాత్రి రైల్లో వాడికి పై బెర్తు దొరికింది. ఎక్కి, అటూ ఇటూ ఒత్తిగిలి, కిందికి తల వేలాడదీసి, “ఇది ఆ మంచం కన్నా వెడల్పే!” అన్నాడు. అంతలోనే నిద్రపోయాడు.

వారం రోజుల తరవాత అక్కయ్య ఫోను.

“ఏం చేశావురా నా కొడుకుని?”

“ఏమైందక్కా?” అన్నాను కంగారుగా.

“నిన్న టీవీలో మళ్ళీ ‘ఘాజీ’ వచ్చింది. ఎప్పటిలాగే అరుస్తాడని గిన్నెలన్నీ లోపల సర్దేసుకున్నాను. మనవాళ్ళు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టాడు. ఆ సబ్‌మెరైన్ మునిగిపోతుంటే మాత్రం నోరెత్తలేదురా! దిండు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు!”